వెండి రేణువుల్లో ఒక అంతిమయాత్ర

పాత ఫొటో చేతికొస్తే మనం ముందు మొహాలు వెతుకుతాం. అంతిమయాత్ర ఫొటో అయితే టోపీలతో మొదలుపెట్టడం మేలు. మొదటి ప్రపంచయుద్ధం నాటి జర్మనీ ఫొటో అయితే మరీను. మొన తేలిన తోలు శిరస్త్రాణానికి తళతళ కనపడకుండా గుడ్డ తొడుగు వేసి ఉంటే అది యుద్ధం రోజుల ఫొటో అని అనుమానించవచ్చు. చెవుల మీదికి దిగిన ఉక్కు హెల్మెట్ ఒక్కటి కనిపించినా చాలు, అది 1916కు ముందుది కాదు. సైన్యానికి ఆ హెల్మెట్లు పంచడం ఆ ఏడాదే మొదలైంది. సైనికుల పక్కన పొడుగాటి నల్లటోపీల పెద్దమనుషులు ఎక్కువమంది నడుస్తుంటే చనిపోయింది ఉత్త సైనికుడు కాదని, ఊరికీ ప్రభుత్వానికీ కావలసినవాడని తెలుస్తుంది.

మనం చూడబోయే అంతిమయాత్ర 1917 మార్చి 12న స్టుట్‌గార్ట్ నగరంలో జరిగింది. చనిపోయింది గాలినౌకలు కట్టించిన కౌంట్ ఫెర్డినాండ్ ఫాన్ జెప్పెలిన్. దానికి నాలుగు రోజుల ముందు, మార్చి 8న, బెర్లిన్‌లో ఆపరేషన్ తర్వాత న్యుమోనియా సోకి కన్నుమూశాడు. వయసు 78. స్టుట్‌గార్ట్‌లోని ప్రాగ్ శ్మశానవాటికలో ఖననం చేశారు. అప్పటికి ఆయన పేరు మనిషి పేరుగా మిగల్లేదు. ఆకాశంలో ఏ పెద్ద గాలినౌక కనిపించినా జెప్పెలిన్ అనేవాళ్లు, తయారుచేసింది ఆయన కాకపోయినా సరే. ఆయన బొమ్మ పింగాణీ పళ్లేల మీద, మిఠాయి డబ్బాల మీద అచ్చయ్యింది. అలాంటి మనిషి చివరి ప్రయాణం ఫొటో ఫ్రేములకెక్కి గోడల మీదికి చేరిందంటే ఆశ్చర్యం లేదు.

ఆ ఫొటో చూసినవాడికి ఒక జాతి తన విజేతను సాగనంపుతున్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఆ రోజుకి ఆయన యంత్రం యుద్ధంలో ఓడిపోయింది. ఓడిపోతోందని ఆయనకు ముందే తెలుసు కూడా. ఫొటో ఈ సంగతి చెప్పదు. అది ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో తేల్చాలంటే అసలు అది దేనితో తయారైందో చూడాలి.

ఒక భూతద్దం తీసుకోండి. బూడిదరంగు చోట్ల చిన్నచిన్న చుక్కలు వరసగా కనిపిస్తే అది పత్రికలో అచ్చువేసిన బొమ్మ. ఎవరో కత్తిరించి ఫ్రేము కట్టించారు. ఎంత దగ్గరికి వెళ్లినా చుక్కలు లేకుండా నలుపు మెల్లగా తెలుపులోకి కలిసిపోతుంటే అది అసలైన ఫొటో ప్రింటు. అందులోని నలుపంతా వెండే. కాగితం మీద జెలటిన్ పూత, ఆ పూతలో సిల్వర్ బ్రోమైడ్ లాంటి వెండి లవణాల రేణువులు ఉంటాయి. వెలుతురు తగిలిన రేణువును డెవలపర్ ద్రావణం లోహపు వెండిగా మార్చేస్తుంది. తగలనిదాన్ని హైపో అనే ద్రావణం కడిగేస్తుంది. వెండి అంత సన్నగా, చిక్కుపడ్డ పోగుల్లా విడిపోతే మెరవదు, నల్లగా కనిపిస్తుంది. శవపేటిక మీది నల్లగుడ్డ నలుపూ, గుర్రం నీడ నలుపూ ఈ వెండే.

ఇక కాళ్లు చూడండి. మామూలు నడకలో మనిషి సెకనుకి 1.2 మీటర్లు కదులుతాడు. షట్టరు సెకనులో యాభయ్యోవంతు తెరుచుకుందనుకుంటే ఆ కాస్త వ్యవధిలో అతను 2.4 సెంటీమీటర్లు జరుగుతాడు. పది మీటర్ల దూరం నుంచి 15 సెంటీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్సుతో తీస్తే, గాజు ప్లేటు మీద ఆ జరుగుడు మిల్లీమీటరులో మూడోవంతు దాటుతుంది. కంటికి కనిపించేంత మసక అది. నడుస్తున్నవాడి రెండు కాళ్లు ఒకే తీరుగా కదలవు. నేల మీద ఆనిన పాదం ఆ క్షణానికి నిలిచి ఉంటుంది. గాలిలో ఉన్న పాదం ఒంటికన్నా రెట్టింపు వేగంతో ముందుకొస్తుంది. అందుకే పాత ఊరేగింపు ఫొటోల్లో ఒక బూటు కుట్లతో సహా కనిపిస్తే రెండోది పొగలా ఉంటుంది. చేయి తిరిగిన ఫొటోగ్రాఫర్ ఇది ఎరిగి వీధి మలుపులో నిలబడేవాడు. ఊరేగింపు అడ్డంగా పోకుండా ఎదురుగా వస్తే ప్లేటు మీద కదలిక బాగా తగ్గిపోతుంది. సెకనులో వెయ్యోవంతు తెరుచుకునే షట్టర్లు అప్పటికే జర్మనీలో ఉన్నాయి. ఒటోమార్ ఆన్‌షుట్స్ తయారుచేసిన ఆ రకం షట్టరుతోనే 1890లలో ఒటో లిలియెంతాల్ గ్లైడర్‌తో ఎగరడాన్ని ఫొటోలు తీశారు. కానీ మబ్బు పట్టిన రోజున అంత వేగం పెడితే ప్లేటుకి వెలుతురు చాలదు.

ఆకాశం సంగతి ఇంకా చిత్రమైనది. సిల్వర్ బ్రోమైడ్‌కి సహజంగా నీలం, ఊదా రంగులే తెలుస్తాయి. 1873లో బెర్లిన్‌లో హెర్మన్ ఫోగెల్ కొన్ని అద్దకపు రంగులు కలిపి దానికి ఆకుపచ్చను కూడా చూపించాడు. ఎర్రరంగునూ పట్టే ప్లేట్లు 1917 నాటికి అమ్మకానికి వచ్చినా వాడకంలో ఎక్కువగా ఉన్నవి ఎరుపు తెలియని ప్లేట్లే. మన పాత స్టూడియోల డార్క్‌రూముల్లో ఎర్రబల్బు వెలిగేది ఎందుకో గుర్తుందిగా, కాగితానికి ఎరుపు కనపడదు కాబట్టి. దీని ఫలితం రెండు తీరులుగా ఉంటుంది. నీలాకాశం ఫొటోలో తెల్లగోడ అయిపోతుంది, అందులో బూడిదరంగు నౌక ఎగురుతున్నా అంచులు పోతాయి. ఆ రోజుల్లో ఊరి మీద జెప్పెలిన్ ఠీవిగా తేలుతున్నట్టు అమ్మిన పోస్టుకార్డుల్లో చాలా వాటిలో నౌక ఒక ఫొటోలోది, ఊరు ఇంకొక ఫొటోలోది. చీకటిగదిలో రెండూ కలిపారు. ఇక ఎరుపు నల్లబడుతుంది. స్టుట్‌గార్ట్ రాజధానిగా ఉన్న వుర్టెంబెర్గ్ రాజ్యపు జెండా రంగులు నలుపు, ఎరుపు. ఆ ప్లేటుకి రెండూ నలుపే. జెండా మొత్తం సంతాపానికి కట్టిన నల్లగుడ్డలా కనిపిస్తుంది.

ఫొటోకి అందనిది ఇంకొకటి ఉంది, ఆకలి. 1916–17 చలికాలం జర్మనీకి అతి కష్టకాలం. బంగాళదుంప పంట దెబ్బతింది, బ్రిటన్ నౌకాదళం సముద్రాన్ని దిగ్బంధం చేసింది. పశువుల మేతకు వాడే టర్నిప్ జాతి దుంపలు తిని జనం బతికారు. రోడ్డు పక్కన నిలబడ్డ మనుషుల కోట్లు వదులుగా వేలాడుతుంటే అది దర్జీ తప్పు కాకపోవచ్చు.

ఫొటోలో వెండిని కాగితానికి పట్టి ఉంచే జెలటిన్ పశువుల ఎముకలు, తోళ్లు ఉడికించి తీసినది. జెప్పెలిన్ నౌకలో వాయువును పట్టి ఉంచింది కూడా పశువు ఒంటిలోదే.

ఆ నౌక నిర్మాణం చూద్దాం. జెప్పెలిన్ కన్నా ముందు గాలిలో ఎగిరిన నౌకలు చాలావరకు ఒకే సంచీ. లోపలి వాయువు ఒత్తిడి తగ్గితే ఆకారం చెడిపోయేది. జెప్పెలిన్ తేలికైన అల్యూమినియం కమ్మీలతో గట్టి పంజరం కట్టించి, పైన గుడ్డ కప్పి, లోపల విడివిడిగా హైడ్రోజన్ సంచులు పెట్టించాడు. ఒక సంచీ చిరిగినా నౌక కూలదు. 1900 జులై 2న కాన్‌స్టన్స్ సరస్సు మీద లేచిన మొదటి నౌక ఎల్‌జెడ్-1 పొడవు 128 మీటర్లు. అందులో 17 సంచులు, సుమారు 11,300 ఘనమీటర్ల హైడ్రోజన్. ఇంజన్లు రెండు; ఒక్కోదాని శక్తి ఇవాళ్టి 150 సీసీ మోటార్‌సైకిల్ ఇంజన్ పాటిది. గాలిలో ఉన్నది 18 నిమిషాలు.

లెక్క సులువే. సున్నా డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి బరువు 1.29 కిలోలు. అంతే హైడ్రోజన్ 90 గ్రాములు. తేడా 1.2 కిలోలు, ఘనమీటరు హైడ్రోజన్ మోయగల బరువు అంత. ఎల్‌జెడ్-1కి దీన్ని గుణిస్తే పదమూడున్నర టన్నులు. ఇందులో దాదాపు అంతా నౌక సొంత బరువుకే సరిపోయింది. ఇంత దుబారా యంత్రాన్ని ఎవడైనా వదిలేస్తాడు. జెప్పెలిన్ వదలకపోవడానికి కారణం ఒక పాత రేఖాగణిత సూత్రం. పొడవు, వెడల్పు, ఎత్తు రెట్టింపు చేస్తే పైగుడ్డ నాలుగింతలే అవుతుంది, లోపలి వాయువు మాత్రం ఎనిమిదింతలు. పెద్దది చేసేకొద్దీ లాభం పెరుగుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు ఆయన్ని పిచ్చివాడన్నారు గానీ, పెద్దది కట్టాలన్న మొండితనం వెనక ఉన్నది ఈ లెక్కే. 1916లో వచ్చిన ఎల్-30 తరగతి నౌకల్లో 55,000 ఘనమీటర్ల హైడ్రోజన్ పట్టేది. అంటే 66 టన్నుల మోత.

హైడ్రోజన్ అణువు చాలా చిన్నది, మామూలు గుడ్డలోంచి జారిపోతుంది. మొదట్లో రబ్బరు పూసిన నూలుగుడ్డ వాడారు. 1908 ఆగస్టు 5న ఎల్‌జెడ్-4 నౌక స్టుట్‌గార్ట్ దగ్గరి ఎక్టెర్‌డింగెన్ పొలాల్లో దిగి ఉండగా గాలివాన దాన్ని తాళ్లు తెంపి ఎగరేసింది, నిప్పంటుకుని నిమిషాల్లో బూడిదైంది. రబ్బరు గుడ్డ రాపిడితో పుట్టిన స్థిరవిద్యుత్తు మీద అనుమానం పడింది. ఆ తర్వాత పశువుల గుడ్డిపేగు సంచీ మీది పలచని పొర వాడకంలోకి వచ్చింది. బంగారు రేకులు కొట్టేవాళ్లు రేకుకీ రేకుకీ మధ్య పెట్టుకునేది అదే పొర. తడిగా ఉన్నప్పుడు ఒకదాని మీద ఒకటి పరిస్తే అవే అతుక్కుంటాయి. తేలిక, హైడ్రోజన్‌ను బాగా ఆపుతుంది. చిక్కల్లా ఒక పశువు నుంచి వచ్చేది జానెడు వెడల్పున్న ఒక ముక్కే. పెద్ద నౌక ఒక్కదానికి రెండు లక్షలకు పైగా పశువుల పొరలు కావాలి. తిండి కరువైన దేశం ఆకాశంలోకి పంపిన లెక్క ఇది.

ఎక్టెర్‌డింగెన్ మంటతో జెప్పెలిన్ పని అయిపోయిందనుకున్నారు. అయిపోలేదు. జర్మన్ జనం చందాలు వేసుకుని 60 లక్షల మార్కులకు పైగా పంపారు. ఆ డబ్బుతో కంపెనీ, ఒక ధర్మనిధి ఏర్పడ్డాయి. 1909లో డెలాగ్ అనే సంస్థ పుట్టింది. ప్రపంచంలో మొదటి విమానయాన సంస్థ అనదగ్గది. 1910 నుంచి 1914 దాకా పదివేలమందికి పైగా టికెట్టు కొని దాని నౌకల్లో ప్రయాణించారు. ఒక్క ప్రయాణికుడి ప్రాణం పోలేదు. నన్నడిగితే జెప్పెలిన్ సాధించినదంతా ఈ నాలుగేళ్లలోనే ఉంది.

యుద్ధం రాగానే ఆ నౌకలకు బాంబులు తగిలించారు. బలవంతం మీద వాటిని అప్పగించిన ముసలి ఆవిష్కర్తగా కౌంట్‌ని చూడనక్కర్లేదు. ఆయన వృత్తిరీత్యా సైనికుడు. ఇంగ్లండ్ మీద బాంబులు వేయాలని కోరినవాడు. 1915 జనవరి 19న ఇంగ్లండ్ తూర్పు తీరపు ఊళ్ల మీద మొదటి దాడి జరిగింది, మే నెలాఖరున లండన్ మీద. మొత్తం యుద్ధంలో ఈ గాలినౌకల దాడుల్లో బ్రిటన్‌లో 550 మందికి పైగా చనిపోయారు. చాలామంది నిద్రలో ఉన్న మామూలు జనం. స్టుట్‌గార్ట్ ఫొటోలో పూలు మోసుకెళ్తున్నవాళ్లను చూస్తున్నప్పుడు ఈ అంకె కూడా పక్కన ఉండాలి.

మొదట్లో ఆ నౌకల్ని కూల్చడం ఎవరివల్లా కాలేదు. అంత హైడ్రోజన్ నింపుకున్నదాన్ని ఒక తూటాతో పేల్చెయ్యలేరా అనిపిస్తుంది. లేరు. హైడ్రోజన్ మండాలంటే గాలి కలవాలి. మిశ్రమంలో దాని పాలు నూటికి 4 నుంచి 75 దాకా ఉండాలి. సంచీ లోపల ఉన్నది దాదాపు శుద్ధ హైడ్రోజన్. మామూలు తూటా అటునుంచి ఇటు దూసుకుపోయి రెండు చిల్లులు పెడుతుంది, అంతే. లోపలి ఒత్తిడికీ బయటి ఒత్తిడికీ తేడా చాలా తక్కువ కాబట్టి వాయువు నెమ్మదిగా కారుతుంది, నౌక ఇంటికి చేరిపోతుంది. బ్రిటిష్‌వాళ్లకి కిటుకు దొరకడానికి రెండేళ్లు పట్టింది. పేలే తూటాలు, నిప్పంటించే తూటాలు కలిపి ఒకేచోట కురిపించాలి. మొదటివి సంచీని చీల్చి హైడ్రోజన్‌ని గాలితో కలుపుతాయి, రెండోవి అంటిస్తాయి.

1916 సెప్టెంబరు 3 తెల్లవారుజామున లండన్ ఉత్తరాన విలియం లీఫ్ రాబిన్సన్ అనే కుర్ర పైలట్ ఇదే పని చేశాడు. రెండు మందుగుండు డ్రమ్ములు నౌక పొడవునా చల్లితే ఏమీ కాలేదు. మూడోది తోక దగ్గర ఒకేచోట దించాడు. క్షణాల్లో నౌకంతా అంటుకుంది. లోపలున్న 16 మందీ పోయారు. ఈ రాబిన్సన్ పుట్టింది మన పొరుగున కొడగులో, కాఫీ తోటల మధ్య. అతను కూల్చిన ఎస్‌ఎల్-11 అసలు జెప్పెలిన్ కంపెనీది కాదు, చెక్క పంజరంతో షుట్టె-లాంజ్ కంపెనీ కట్టింది. లండన్ జనానికి ఆ తేడా పట్టలేదు. ఆ తర్వాత నెలల్లో నౌకలు ఒకటి వెనక ఒకటి మండి రాలాయి. రాబిన్సన్ ఆ నౌకను కూల్చింది కౌంట్ అంత్యక్రియలకు ఆరు నెలల ముందు.

మండని వాయువు ఉంటే బాగుండును కదా! ఉంది. దాని మొదటి జాడ తెలుగునేల మీది నుంచే కనిపించింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జూల్ జాన్సెన్ గుంటూరులో పరికరాలు పెట్టుకుని, సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని వర్ణపటంగా విడదీసి చూశాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి వచ్చిన నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలో అదే పని చేశాడు. ఆ వర్ణపటంలోని పసుపు గీత సోడియంది కాదని, భూమ్మీద తెలియని మూలకానిదని తర్వాత ఇంగ్లిష్ ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ లాక్యర్ వాదించాడు. హీలియం అది. గుంటూరులో జాన్సెన్ హీలియం కనిపెట్టేశాడని మనవాళ్లు గర్వంగా అంటుంటారు. నాకూ ఆ మాట ఇష్టమే గానీ, గీతను చూడడం వేరు, మూలకమని పోల్చుకోవడం వేరు. 1895లో రసాయన శాస్త్రవేత్త విలియం రామ్సే దాన్ని భూమ్మీది ఖనిజంలోంచి తీశాడు. జెప్పెలిన్ తన నౌకకు పేటెంటు పొందిన తేదీ కూడా ఆ ఏడాదిదే.

హీలియం మోత ఘనమీటరుకి 1.11 కిలోలు, హైడ్రోజన్ మోతలో నూటికి 93 వంతులు. మండే ప్రసక్తే లేదు. కానీ అది పెద్ద ఎత్తున దొరికేది అమెరికా సహజవాయువు బావుల్లో. 1905లో కాన్సస్ బావిలోని వాయువులో అది ఉందని తేలింది. యుద్ధం చివర్లో గానీ అక్కడ కూడా దాన్ని వేరుచేసే కర్మాగారాలు లేవలేదు. జర్మనీకి అందే దారే లేదు, తర్వాతా అందలేదు. హీలియం కోసం రూపొందించిన హిండెన్‌బర్గ్ నౌక అమెరికా ఎగుమతి నిషేధం వల్ల హైడ్రోజన్‌తోనే ఎగిరి 1937లో మండిపోయింది, 36 మంది చనిపోయారు.

కౌంట్ అంతదాకా చూడనక్కర్లేకపోయింది. 1914లోనే ఆయనకు గాలినౌక మీద నమ్మకం సడలింది. పారిశ్రామికవేత్త రాబర్ట్ బోష్ సాయంతో గోథాలో ఒక కర్మాగారం పెట్టించి, బాంబులు మోసే మహా విమానాల పని మొదలుపెట్టాడు. మొదటిది 1915 ఏప్రిల్‌లో ఎగిరింది. రెక్కల కొస నుంచి కొసకు 42 మీటర్లు. డెబ్బై ఆరేళ్ల వయసులో, తన పేరే యంత్రానికి పేరైపోయాక, దాని ప్రత్యర్థి మీద పందెం కట్టినవాళ్లు చరిత్రలో ఎక్కువమంది ఉండరు. లండన్ మీద బాంబుల విషయంలో ఆయన్ని క్షమించలేను గానీ ఇంజనీరుగా ఆ నిజాయితీకి మాత్రం నమస్కారం పెట్టాలి. ఆయన పోయిన కొద్ది నెలలకే జర్మన్ సైన్యం గాలినౌకల దాడులు మానుకుంది. నౌకాదళం మాత్రం చివరిదాకా పట్టుకు వేలాడింది. 1917 సెప్టెంబరు నుంచి లండన్ మీదికి వచ్చినవాటిలో ఆయన మొదలుపెట్టిన వంశపు మహా విమానాలు ఉన్నాయి.

ఎల్‌జెడ్-4 కాలిపోయిన ఎక్టెర్‌డింగెన్ పొలాల పక్కనే ఇప్పుడు స్టుట్‌గార్ట్ విమానాశ్రయం ఉంది. చందాల డబ్బుతో ఏర్పడ్డ జెప్పెలిన్ ధర్మనిధి ఫ్రీడ్రిష్‌హాఫెన్ పురపాలక సంఘం చేతిలో నేటికీ నడుస్తోంది. గాలినౌకల గేర్లు చేయడానికి 1915లో పెట్టిన జెడ్‌ఎఫ్ కంపెనీలో అత్యధిక వాటా ఆ నిధిదే. కార్లకు, లారీలకు గేర్‌బాక్సులు చేసే ఆ కంపెనీ 2017లో హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ కేంద్రం తెరిచింది.